గుర్రానికి జాగా

వరదమ్మ ఉండే గది పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు ఆరు. అందులో ఒక మూల పొయ్యి, ఇంకో మూల నీళ్ల కుండ, గోడ వారగా మోదుగాకుల కట్టలు, నట్టనడుమ ఒక కొయ్య గుర్రం. మరి మనిషి ఎక్కడ ఉంటుందని అడిగితే, మిగిలిన చోట ఉంటుంది.

గుర్రం నడుమెత్తున ఉంటుంది. ఎక్కి కూర్చున్నవాడు ముందుకూ వెనక్కూ ఊగడానికి కాళ్ల కింద రెండు వంపు చెక్కలు, ఒక్కొక్కటి మూడు మూరల పొడవు. ఒంటికి ఎర్రమట్టి రంగు, మెడకు పచ్చ పట్టీ, తోకకు మాత్రం జట్కా గుర్రాల నిజం వెంట్రుకలు. ఎడమ చెవి దగ్గర రంగు పోయి చెక్క తేలింది. ఓబులేసు ఆ చెవిని పట్టుకునే ఊగేవాడు. కుడి చెవి ఇంకా కొత్తగానే ఉంది. ఆ రెండు చెవుల తేడా చూసినప్పుడల్లా వరదమ్మకు కొడుకు పుర్రచేతివాటం గుర్తొచ్చేది. ఆళ్లగడ్డలో, తండ్రి ఇంట్లో, ఆ చేతిమీద కొట్టి ఆ అలవాటు మానిపిస్తున్నారేమోనని దిగులు పుట్టేది.

పడుకోవాలంటే గుర్రం చుట్టూ ముడుచుకోవాలి. తల పొయ్యి వైపు, కాళ్లు వంపు చెక్కల మధ్య. ఖాళీ ఉయ్యాల ఊపితే పిల్లలకు మంచిది కాదంటారు కదా. గుర్రం ఉయ్యాల కాకపోయినా ఊగేదే. అందుకని చెక్కల కింద ముందూ వెనకా గుడ్డపేలికలు కుక్కి, నిద్రలో కాలు తగిలినా కదలకుండా చేసిపెట్టింది. ఏడాదిగా ఆ పేలికలు తీసే పని పడలేదు.

ఫాల్గుణం వచ్చింది. యుద్ధం పుణ్యమా అని కిరసనాయిలుకూ బియ్యానికీ చీటీలు పెట్టిన సర్కారు పెళ్లిళ్లకు మాత్రం చీటీ పెట్టడం మరిచిపోయినట్టుంది. నంద్యాలలో ఏ వీధి చూసినా పందిళ్లే. రెండు వేల విస్తళ్లు కావాలని పెళ్లివారి వంటమనిషి వచ్చి చెప్పిపోయాడు. నల్లమల నుంచి దిగిన ఆకు కట్టలు పది, ఒక్కసారే వరదమ్మ గుమ్మంలో పడ్డాయి. లోపల రెండు కట్టలు పట్టాయి. మిగిలిన ఎనిమిదీ ఆమె వసారాలో పేర్చి, మీద తడి గోనె కప్పింది. తెల్లారి లేచి చూస్తే గోనె కింద పడి ఉంది, పక్క గదివాళ్ల మేక ఒక కట్ట సాంతం భోంచేసి రెండోదాని మీద ఉంది.

వరదమ్మ మేకను అదిలిస్తుంటే ఇంటి ఖామందు శేషమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ వరస గదులు నాలుగూ ఆమెవే, వసారా కూడా ఆమెదే. శేషమ్మ చెడ్డ మనిషి కాదు. కాకపోతే మంచితనాన్ని కూడా తిట్టినట్టే చూపించడం ఆమెకు అలవాటు.

"మ్యాక తినక ఏం జేస్తాది? ఆకేమో బైట, గుర్రమేమో లోపల. యాడన్నా ఉందామ్మే ఈ చోద్యం?"

ఈ వసారాలో ఇకమీదట ఒక్క కట్ట కనిపించినా ఊరుకోనని చెప్పింది. అమావాస్య లోపల గుర్రం సంగతో ఆకుల సంగతో తేల్చుకొమ్మంది. ఆ గుర్రాన్ని ఎక్కే పిల్లవాడు రాక ఏడాదైందనీ, వచ్చినా ఇంకా గుర్రం ఎక్కే ఈడులో ఉండడనీ కూడా అనేసింది. అన్న తర్వాత ఆమెకే బాగా లేనట్టుంది, మేకను మెడ పట్టుకుని తనే ఈడ్చుకుపోయింది.

ఎదురు కొట్టంలో బండిచక్రం నడిమినుంచి అంచుకు పట్టే ఆకుల కొయ్యలు చెక్కుతున్న వడ్రంగి సుభాన్ ఈ మాటలన్నీ విన్నాడు. గుర్రాన్ని చేసింది అతనే. రెండేళ్ల కిందట, ఇనుప మేకు కంటికి కనపడని రోజుల్లో, మేకు లేకుండానే చేశాడు. ఒళ్లు వేపచెక్క, కాళ్లూ వంపు చెక్కలూ తుమ్మ. ఒంటినీ కాళ్లనీ వంపు చెక్కలనీ కలిపి పట్టి ఉంచేవి నాలుగే నాలుగు కొయ్య చీలలు. బండి ఇరుసుకు చక్రం జారిపోకుండా కొట్టే చీలలాగే, ఒక కొస లావు, ఒక కొస సన్నం.

అతను బాడిసె కింద పెట్టి వచ్చి, గుమ్మంలోంచి గుర్రాన్ని తన పనిని తానే మెచ్చుకుంటున్నట్టు చూశాడు. నాలుగు చీలలు తీస్తే అదంతా విడి చెక్కలేననీ, కట్టగట్టి అటక మీదికి తోస్తే ఆమె కాళ్లు చాపుకోవచ్చనీ చెప్పాడు. ఈ మాట చెప్పడం అతనికి మొదటిసారి కాదు, వద్దనడం ఆమెకూ మొదటిసారి కాదు.

"పిల్లోడు వచ్చేతలికి అది ముక్కలై కనపడితే ఏమనుకుంటాడు, సుభానన్నా?"

"ఏమనుకుంటాడు? వాడే కూర్చోని బిగిస్తాడు. ఆ పొద్దు నాకు చీలలందిచ్చింది వాడే గదమ్మా. సన్న కొస మీద కొడితే ఊడతాదని వాడికీ తెలుసు."

వరదమ్మ తల అడ్డంగా ఊపింది. పోయిన ఎండాకాలం బస్సెక్కబోతూ వాడన్న మాట ఆమె చెవుల్లో ఉంది. నా గుర్రాన్ని యాడికీ పంపద్దు మా, ఎవురికీ ఇయ్యద్దు, అట్లే పెట్టు అన్నాడు. అట్లే పెట్టు అంటే అట్లేనని ఆమె పట్టుకూర్చుంది. దసరాకు వస్తాడని వేయించిన మరమరాలు మెత్తబడిపోయాయి. జ్వరం అన్నారు. సంక్రాంతికి బడి అన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆమె వసారా ఖాళీ చేసి, మిగిలిన కట్టల్ని గుర్రం పొట్టకింద, కాళ్ల సందుల్లో కుక్కింది. వీపు మీద మాత్రం ఒక్క ఆకు పెట్టలేదు. పొయ్యి ముందు చారెడు జాగాలో కూర్చుని విస్తళ్లు కుట్టింది. నడుమ పెద్దాకు, చుట్టూ చిన్నాకులు అంచు మీద అంచు, చీపురుపుల్ల గుచ్చడం, విరవడం, మళ్లీ గుచ్చడం. చేతులకు ఆ పని అలవాటై కళ్లతో పనిలేదు. కళ్లు గుర్రం మీదే ఉన్నాయి, నోట్లో ఒక మాట నానుతోంది. ఆ మాటను ఎన్ని రకాలుగా తిప్పి చూసిందో ఆమెకే తెలియదు.

మర్నాడు గాజుల నూర్ మహమ్మద్ వచ్చాడు. వారం వారం ఆళ్లగడ్డ సంతకు పోయే మనిషి. పోయేముందు ఆ వీధి ఆడవాళ్లు చెప్పే కబుర్లన్నీ గాజులతో పాటు మోసుకుపోతాడు. ఆళ్లగడ్డలో ఓబులేసు తండ్రి రంగనాథం ఇంటికీ పోతాడు. రంగనాథం రెండో భార్య జానకమ్మకు గాజుల మోజు ఎక్కువ. మొదటి భార్య చేతులకు నూర్ మహమ్మద్ గాజులు వేసి నాలుగేళ్లయింది. వరదమ్మ ఆ ఇల్లు వదిలి వచ్చినప్పుడు వేయించుకున్న మట్టిగాజులే ఇంకా ఉన్నాయి. ఆడమనిషి వచ్చేయవచ్చు గాని మగపిల్లవాడు రాకూడదని పెద్దమనుషులు తేల్చారు. సెలవులకు పంపుతామన్నారు. పంపినప్పుడు పంపారు.

ఆళ్లగడ్డకు ఏమన్నా చెప్పేది ఉందా అక్కా అని నూర్ మహమ్మద్ మామూలుగా అడిగాడు. వరదమ్మ చేతిలో పుల్ల ఆగింది. బిడ్డను ఒకసారి పంపమని చెప్పు, చూసి ఏడాదైంది. ఇంతే. ఇదే మాట నిన్నటినుంచి నోట్లో నానుతోంది. కాని ఆ మాట ఆ ఇంట్లో, జానకమ్మ గాజులకు చెయ్యి చాపి కూర్చుని ఉండగా, గాజులవాడి నోటి మీదుగా వినపడటం ఆమె ఊహించుకుంది. అడిగి లేదనిపించుకోవడం కొత్తకాదు. ఇంకోసారి అనిపించుకోవడానికి మాత్రం మొహం చెల్లలేదు.

"గుర్రం పెట్టుకునేదానికి జాగా చాల్తా లేదప్పా. ఏం జేయమంటారో కనుక్కో."

ఆమె లెక్క ఆమెకుంది. గుర్రం మాట ఎత్తితే పిల్లవాడు ఊరుకోడు. నా గుర్రం, నేను పోయి చూస్తానని పోరుపెడతాడు. రంగనాథం కోపిష్టి గాని పోరు పడలేని మనిషి, పోయి చూసిరా పో అని బస్సెక్కిస్తాడు. అడగకుండానే బిడ్డ వస్తాడు, ఎవరి ముందూ చెయ్యి చాపినట్టు కాదు. ఆ రెండు రోజులూ ఆమె ఎంత హుషారుగా కుట్టిందంటే, వంటమనిషి వచ్చేసరికి వెయ్యి విస్తళ్లు చెక్క కింద అణిగి ఉన్నాయి. వేరుశనగలు వేయించి బెల్లంపాకం పట్టి ఉండలు చేసి, డబ్బాలో పెట్టి మూత బిగించింది.

మూడోనాడు పొద్దున నూర్ మహమ్మద్ వచ్చాడు. గాజుల మలారం దించి గుమ్మంలో కూర్చున్నాడు. మంచినీళ్లడిగాడు. నీళ్లు తాగడానికి అతనికి పట్టిన సేపు చూస్తేనే సంగతి బాగాలేదని ఆమెకు తెలిసింది.

"చెప్పినానక్కా. జాగా లేకపోతే తెప్పిస్తామన్నాడు. చెనక్కాయల బండి వస్తాందంట ఎల్లుండి. మూటలు దించేసి వచ్చేటప్పుడు దాంట్లో ఏసుకోని పోతారంట. చిన్నోడు ఆడుకుంటాడని ఆయమ్మ శానా సంతోషపడింది."

చిన్నోడంటే జానకమ్మ కొడుకు. రెండేళ్లవాడు. వరదమ్మ ఓబులేసు ఏమన్నాడని అడిగింది. నూర్ మహమ్మద్ మలారంలో గాజులు సర్దుకున్నాడు. సర్దినవే మళ్లీ సర్దుకున్నాడు.

"గుర్రం పోతాదని వింటానే లేసి బైటికి పోయినాడు." గాజులు వదిలేసి అసలు సంగతి చెప్పాడు. "ఆ ఇంట్లో నీ పేరెత్తరు గదక్కా. పిల్లోడు గూడా ఎత్తడు. నంద్యాలకు పోతానని అడిగేటప్పుడు గుర్రం కాడికి పోతానంటాడు. మాయమ్మ కాడికని ఒక్క తూరీ అనగా నేను విన్లేదు. పిల్లోని కోసమని నాకు ముందే చెప్పింటే నేను గుర్రం మాట ఎత్తనే ఎత్తను."

వరదమ్మ గుర్రం మీద చెయ్యి వేసి నిలబడింది. పేలికలు కుక్కి ఉండటం వల్ల అది కదలలేదు. ఆమె వాడికోసమని గుర్రాన్ని పెట్టుకుంది. వాడు ఆమెకోసమని గుర్రాన్ని పెట్టుకున్నాడు. అట్లే పెట్టు అన్నది అందుకా అని ఇప్పుడు తెలిసింది. ఎల్లుండి బండి వచ్చి దీన్ని వేసుకుని పోతే వాడు ఏ పేరు చెప్పి నంద్యాల వస్తాడు? వాడికున్న ఒక్క సాకునూ తన నోటితో తనే ఊడబెరికింది. పౌరుషానికి పోయి చేసింది కూడా కాదు, తెలివి అనుకుని చేసింది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది.

ఇవ్వనని కబురు పెడదామా అనుకుంది. జాగా లేదని చెప్పింది తనే. ఇప్పుడు ఇవ్వనంటే, పసివాడు ఆడుకునే బొమ్మ దగ్గర పంతం పట్టిందంటారు, ఇక ఆ దోవ పూర్తిగా మూసేస్తారు. గుర్రం పోయినా దోవ పోతుంది, పోకపోయినా పోతుంది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. బెల్లంపాకం ఉండల డబ్బా మీద చీమలు పట్టాయి, అవి ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తూ కూర్చుంది.

బండి వచ్చే రోజు పొద్దున్నే ఆమె సుభాన్ కొట్టానికి పోయింది. అతను అప్పుడే చక్రం నడిమి బొంగరాన్ని దుంగ మీద ఎక్కిస్తున్నాడు.

"గుర్రాన్ని విప్పల్ల, సుభానన్నా."

ఇన్నాళ్లుగా వద్దన్న మనిషి ఇప్పుడు రమ్మంటే సుభాన్ ఎందుకని అడగలేదు. కొడతి అనే కొయ్యసుత్తీ, పాత చీల ఒకటీ పట్టుకుని వచ్చాడు. ముందు వంపు చెక్కల కింది పేలికలు లాగేశాడు. అవి చెక్కకు అతుక్కుపోయి ఉన్నాయి. ఏడాది తర్వాత గుర్రం ఒకసారి ముందుకు వంగి లేచింది. వరదమ్మ గబుక్కున దాని వీపు పట్టుకుంది.

అతను గుర్రాన్ని పక్కకు ఒరిగించి, చీల సన్న కొస ఎటుందో వేలితో తడిమి, దానిమీద పాత చీల ఆనించి కొడతితో మెల్లగా తట్టాడు. ఒక దెబ్బ, రెండు, మూడు. నాలుగో దెబ్బకు లావు కొస అవతల బొటనవేలంత బయటికి వచ్చింది. ఆముదం రాసి బిగించిన చీల నల్లగా, నున్నగా ఉంది. చేత్తో లాగితే వచ్చేసింది. అట్లా నాలుగూ. చివరిది వచ్చేసరికి గుర్రం గుర్రంగా లేదు. మెడా ఒళ్లూ ఒక చెక్క, కాళ్లు జతలు జతలుగా రెండు, వంపు చెక్కలు రెండు. సుభాన్ వాటిని గోడకానించి, కట్టడానికి తాడు అడిగాడు. చీలల్ని ఒక గుడ్డలో చుట్టి కట్టలో దోపబోయాడు.

వరదమ్మ చెయ్యి చాపింది. "అవి నాకియ్యి."

సుభాన్ ఆమె మొహంలోకి చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. నాలుగు చీలలూ ఆమె అరచేతిలో పెట్టాడు గాని, ఉన్న మాట చెప్పకుండా ఉండలేకపోయాడు.

"ఆళ్లగడ్డలో వడ్లోళ్లు లేరా తల్లీ? పొద్దున జెప్తే మాపటికి చెక్కిస్తారు. ఇదేమన్నా పెద్ద పనా?"

"తెలుసన్నా," అంది వరదమ్మ, కొంగున ముడి వేస్తూ.

పొద్దెక్కాక బండి వచ్చి వీధి మొదట్లో ఆగింది. రంగనాథం జీతగాడు తిరుపాలు గుమ్మం దగ్గరికి వచ్చి, ఆమె ఆ ఇంట్లో ఉన్నప్పుడు ఎట్లా పిలిచేవాడో అట్లాగే పెద్దమ్మా అని పిలిచాడు. ఆ పిలుపు ఆమె విని ఎన్నాళ్లైందో. బాగుండావా అంటే బాగుండా అనుకున్నారు. అతను లోపలికి తొంగిచూసి కట్టెల మోపు చూసి తెల్లబోయాడు.

"ఇదేంది పెద్దమ్మా, గుర్రం అంటే కట్టెలిస్తాండావు?"

బిగిస్తే గుర్రమే అవుతుందని ఆమె చెప్పింది. ఒళ్లూ కాళ్లూ వంపు చెక్కలూ ఒక్కొక్కటి చూపించి, లెక్క సరిగ్గా అప్పజెప్పింది. తోక నలగకుండా గోనెగుడ్డ చుట్టింది. తిరుపాలు మోపు భుజానికెత్తుకుని రెండడుగులు వేశాక, వెనకనుంచి పిలిచింది. ఐదు రోజులుగా నోట్లో నానిన మాట, నూర్ మహమ్మద్ ముందు మింగేసిన మాట, ఆమె గొంతులోంచి మామూలుగానే వచ్చింది.

"దాని చీలలు నా కాడ ఉండాయి తిరుపాలూ. నా కొడుకు వస్తే ఇస్తా. వాన్ని పంపమని చెప్పు."

తిరుపాలు మోపును భుజం మార్చుకున్నాడు. అట్లే చెప్తా పెద్దమ్మా అని పోయాడు. బండి మలుపు తిరిగేదాకా గోనెలోంచి తోక కొస ఊగుతూ కనిపించింది.

గది ఎంత పెద్దదో ఆ రోజు తెలిసింది. నేల మీద వంపు చెక్కలు ఆనిన చోట రెండు గాడులు, నున్నగా, నీళ్లు పోస్తే నిలిచేటట్టు ఉన్నాయి. శేషమ్మ వచ్చి చూసి, ఇంక ఆకులన్నీ హాయిగా లోపలే పెట్టుకోవచ్చునంది. వరదమ్మ ఆ గాడులకేసే చూస్తుండేసరికి, కావాలంటే వసారాలోనే పెట్టుకో, మేకను నేను కట్టేయిస్తాలే అని తనే దిగివచ్చింది. వరదమ్మ ఆకుల్ని ఎప్పటిలాగే గోడ వారనే పెట్టింది. గాడుల మధ్య జాగాలో చాప పరుచుకుని కాళ్లు చాపి పడుకోవచ్చు. కాని ఆమె కాళ్లు చాపలేదు. ముడుచుకోవడం ఒంటికి అలవాటైపోయింది.

వారం తిరిగింది. నూర్ మహమ్మద్ సంతనుంచి వచ్చాడు. ఈసారి అడక్కముందే చెప్పాడు, దాచిపెట్టి లాభం లేదనుకున్నాడేమో. గుర్రం ఆళ్లగడ్డలో నిలబడింది. వీధి చివరి వడ్లాయన మర్నాడే నాలుగు చీలలు చెక్కి బిగించాడు. చిన్నవాడు దానిమీద కూర్చుని ఊగుతుంటే తన కళ్లారా చూశాడు. చీలల కబురు విని రంగనాథం నవ్వాడట. కోపం చేసుకున్నా బాగుండేది. నవ్వాడని వినడం వరదమ్మకు ఎక్కువ కష్టంగా తోచింది.

అతను పోయాక ఆమె కొంగు ముడి విప్పి చీలల్ని పొయ్యి గట్టు మీద పెట్టింది. తుమ్మకొయ్య, బాగా మండుతుంది. ఎసరు మరిగేంతసేపు వాటినే చూసింది. కొడుకును ఇంట్లో పెట్టుకున్నవాళ్లతో నాలుగు కొయ్యముక్కలతో బేరం పెట్టడానికి పోయింది తను. ఎవరన్నా నవ్వరా మరి? ఒకటి తీసి మంట దగ్గర పెట్టింది. ఆముదం వాసన వచ్చింది. వెంటనే వెనక్కు లాగి, కొంగుతో మసి తుడిచి, నాలుగూ గోడ గూట్లో దీపం వెనక పెట్టేసింది.

అమావాస్య వెళ్లింది. పెళ్లిళ్లు జోరుగా సాగుతున్నాయి. ఇంకో వారం కూడా తిరిగింది. సంత రోజు మర్నాడు, ఎండ నడినెత్తికి వచ్చే వేళ, ఆమె తల వంచుకుని పుల్ల గుచ్చుతుంటే గుమ్మంలో నీడ పడింది. నూర్ మహమ్మద్ అనుకుని నీళ్లు కావాలా అప్పా అంది తలెత్తకుండా.

"అన్నం పెట్టు మా. ఆకలైతాంది."

పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సులో వచ్చినవాడి మొహమంతా మసి. కళ్లు మాత్రం తెల్లగా. పోయిన ఏటికంటే జానెడు పెరిగాడు. చొక్కా చేతులు మణికట్టుకు పైనే ఆగిపోయాయి. వరదమ్మ లేవబోతే ఒళ్లోని ఆకులన్నీ చెదిరిపోయాయి. వాడి మొహం తుడవడానికి తడిగుడ్డ తీసుకుని, తుడవడం మరిచిపోయి చేత్తోనే తడిమింది. ఆమె చేతులు కూడా నల్లబడ్డాయి.

వెనక నూర్ మహమ్మద్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. విషయం చెప్పడానికి అతని నాలుక దురదగా ఉంది. ఆ వడ్లాయన చెక్కిన చీలలు నిలవలేదట. నాలుగు దినాలు బాగానే ఉండి, ఒక పొద్దున చూస్తే గుర్రం కింద చెక్కలుగా పడి ఉంది, చీలలు లేవు. ఎలుకలు ఎత్తుకుపోయాయేమోనని వడ్లాయనతో మళ్లీ చెక్కించారు. మూడో పొద్దుకు మళ్లీ అదే తంతు. చిన్నవాడు గుక్కపట్టి ఏడుపు. జానకమ్మకు భయం పట్టుకుందట. అది ఆమె చేతినుంచి వచ్చింది, ఆమె దగ్గరున్న చీలలతోనే నిలబడుతుంది, పోయి అవే తెప్పించమని మొగుణ్ణి నిలువనివ్వలేదట.

"నేను పోయి తెస్తాలే అన్నానక్కా. మీ నాయన ఏమన్నాడు ఓబులేసూ?"

"నేనొస్తేనే ఇస్తానన్నిందంట గదా, నన్నే పొమ్మన్నాడు," అన్నాడు ఓబులేసు, ఎటో చూస్తూ.

ఆళ్లగడ్డలో పెళ్లి గాజుల బేరం ఉందనీ, ఎల్లుండి తిరుగు బస్సుకు తనే వచ్చి తీసుకుపోతానని నూర్ మహమ్మద్ వెళ్లిపోయాడు. వరదమ్మ అప్పుడే కుట్టిన విస్తట్లో అన్నం పెట్టింది. ఓబులేసు కుడిచేత్తో కలుపుకుని తిన్నాడు. పొందికగా, ఒక్క మెతుకు కింద పడకుండా తిన్నాడు. ఆమె ఆ చేతివైపే చూస్తూ కూర్చుంది. మానిపించేశారు. ఎట్లా మానిపించారో అడగడానికి ధైర్యం చాలలేదు.

తిన్నాక వాడు గదంతా కలయజూశాడు. గుర్రం ఉండే చోట గాడులు చూసి వాటిమీద బొటనవేలు రాశాడు. తర్వాత గుమ్మం వైపు ఒకసారి చూసి, నిక్కరు జేబులోకి ఎడమచెయ్యి పెట్టాడు. ఒక్కొక్కటిగా తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. తెల్లగా కొత్తగా ఉన్న కొయ్య చీలలు. నాలుగు. ఇంకో నాలుగు.

వరదమ్మ వాటివైపూ వాడివైపూ చూసింది.

"సన్న కొస మీద రోకలితో కొట్టినా," అన్నాడు వాడు గొంతు తగ్గించి. "చిన్నోడు దానిమీద లేనప్పుడే తీసినా మా. వాడు పడల్యా. ఇవి గూడా నీ కాడే పెట్టు."

ఆమె వాడిని దగ్గరకు లాక్కుని ఏడ్చింది. ఏడాదిగా ఏడవనిదంతా ఏడ్చింది. శేషమ్మ గుమ్మం దాకా వచ్చి, చూసి, మేకను అదిలిస్తున్నట్టు నటిస్తూ వెళ్లిపోయింది.

రెండు రోజులు ఎట్లా పోయాయో. బెల్లంపాకం ఉండలు అయిపోయాయి. ఓబులేసు సుభాన్ కొట్టంలో కూర్చుని చక్రం ఆకులకు ఆముదం రాశాడు. తెల్లవారి లేచి చూస్తే వాడు గుర్రం ఉండే చోట, రెండు గాడుల మధ్య, కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు. తల నుంచి మడమ దాకా మూడు మూరలకు వెంట్రుకవాసి తక్కువ. గుర్రం ఇక్కడే ఉండి ఉంటే బిడ్డను ఎక్కడ పడుకోబెట్టేదాన్ని అన్న ఆలోచన ఆమెకు అప్పుడు వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో తెలియలేదు.

బస్సు స్టాండులో బొగ్గు పొయ్యి రాజుకునేదాకా బస్సు కదలదు. కండక్టరు ఆ పొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పుతుంటే పొగ కమ్ముకుంది. నూర్ మహమ్మద్ మలారం టాపు మీద వేయిస్తున్నాడు. వరదమ్మ కొంగు ముడి విప్పి నల్లటి పాత చీలలు నాలుగూ కొడుకు చేతిలో పెట్టింది. కొత్తవి ఎనిమిదీ గూట్లో దీపం వెనక ఉన్నాయి. అమ్మ మాటగా ఏదో ఒకటి చెప్పాలి కదా. పైలంగా తీసుకపో నాయనా, యాడా పారేసుకోకు అంది.

ఓబులేసు వాటిని ఎడమచేత్తో లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కు తిరిగాడు.

"ఎండాకాలం సెలవులిచ్చేదాంక పైలంగానే పెడతా మా," అన్నాడు. "ఆ తర్వాత పోతాయి."